పెదవుల మీది తెలుగు

మొన్న కోయంబత్తూరు స్టేషన్‌లో మా చెల్లెల్ని రైలెక్కించడానికి వెళ్లాను. పక్క కిటికీ దగ్గర ఒక పెద్దాయన, లోపల కూర్చున్న భార్యతో మాట్లాడాలని నానా తంటాలు పడుతున్నాడు. ఏసీ పెట్టె అద్దం ఇవతలి మాట అవతలికి పోనివ్వదు. ఆవిడ లోపలినుంచి ఏదో కంగారుగా చెబుతోంది. ఈయన "ఎన్నా? ఎన్నా?" అని అరుస్తూ, సెల్‌ఫోను పైకెత్తి ఇందులో చెప్పమని సైగ చేస్తున్నాడు. ఆవిడ తన ఫోను చూపించి తల అడ్డంగా ఊపింది. చార్జి అయిపోయిందన్నమాట. రైలు కదలబోతోంది. నాకు నోరు ఊరుకోలేదు. "మోటారు ఆపడం మరిచిపోయారట. పైన ట్యాంకు పొంగిపోతూ ఉంటుంది, తొందరగా ఇంటికి పొమ్మంటున్నారు" అని ఆయనకు తమిళంలో చెప్పాను. ఆయన నన్ను చూశాడు, అద్దాన్ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. తర్వాత మెట్లవైపు పరుగు తీశాడు.

మా చెల్లెలు లోపల కూర్చుని పడీపడీ నవ్వుతోంది. "మీ అత్త బుద్ధి నీకు బాగా అంటుకున్నాది" అంది. అదీ అద్దం వెనకనుంచే అంది. రైలు వెళ్లిపోయాక కూడా నేను ఆ సిమెంటు బల్లమీద చాలాసేపు కూర్చున్నాను. అత్త పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ స్టేషన్ రొద అంతా నెమ్మదిగా వెనక్కి తగ్గి, పాత మధ్యాహ్నాల నిశ్శబ్దం చెవుల్లోకి వచ్చి కూర్చుంది.

అత్త అంటే మా ఆయన తల్లి. మిల్లు మనిషి. పావడ కట్టుకునే వయసులో నూలు చుట్టే వైండింగ్ సెక్షన్‌లో చేరి, తల నెరిశాక బయటికి వచ్చింది. మిల్లు గోడకు ఆనుకుని ఉన్న లైన్ ఇళ్లలో మాది ఒకటి. ఆ హాల్లో మెషిన్లు తిరుగుతుంటే మన గొంతు మనకే వినపడదు. అక్కడ గొంతు పెట్టి అరిచేవాళ్లు కొత్తవాళ్లు. పాతవాళ్లు ఊరికే పెదవులు కదుపుతారు. ఈ వరసలో ఒకామె, ఆ చివర ఇంకొకామె, మధ్యలో దూది పొగ. ఆ దూరంలోనే పుళికుళంబులో చింతపండు పాళ్లు, ఆడబిడ్డల పోరు, సూపర్‌వైజర్ కొత్తగా పెట్టుకున్న మీసం, అన్నీ నడిచిపోయేవి. అలా ఏళ్ల తరబడి ఆ రొదలో మాట్లాడి మాట్లాడి అత్త చెవి మొద్దుబారింది. కన్ను మాత్రం పదునెక్కింది.

ఆమె ఎవరి కళ్లలోకీ చూసేది కాదు, నోటివంక చూసేది. అందువల్ల మనుషులమీద ఆమె అభిప్రాయాలు మూతి దగ్గరే మొదలై మూతి దగ్గరే ముగిసేవి. గుబురు మీసాలవాళ్లంటే ఆమెకు పడదు. "వాడి మాటకు వాడే తడిక కట్టుకోనుండాడు" అనేది. నోట్లో ఎప్పుడూ వక్కాకు నమిలేవాళ్లను నమ్మేది కాదు. ఫోటో తీసేవాడు "నోరు మూసుకోండి" అంటే ఆమెకు ఒళ్లు మండేది. నోరు మూసుకున్నాక ఇంక ఆ మనిషిలో చూడడానికి ఏముందని ఆమె బాధ.

నేను తిరుమంగళం పిల్లను. అక్కడ మా నాన్నకు అంగడి ఉండేది. గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టుకుని ఆయన నేర్పిన తెలుగు అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. పెళ్లయిన మర్నాడు ఈ ఇంట్లో దొడ్డి మూల నిలబడి చెల్లెలి చెవిలో ఒక మాట చెప్పాను. మావాళ్లకు మాట మధ్యలో తమిళంలోకి జారడం అలవాటే కదా, తమిళంలోనే చెప్పాను. "ఇంట్లో ఉన్నది ఒకటే ఫ్యాను, అదీ ముసలమ్మ మంచం మీద తిరుగుతోంది." అత్త అప్పుడు దొడ్డి అవతలి చివర కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట దించి గట్టిగా అంది: "ఫ్యాను నీ గదిలోనే మాట్టిస్తాను అమ్మిణీ. దానికి ఏల గొణుగుడు?"

చెల్లెలు ఆ పూటే సంచి సర్దుకుంది. వారం తిరక్కుండానే ఫ్యాను మా గదిలోకి వచ్చింది గాని, నేను మాత్రం కొన్నాళ్లు నీళ్లు తాగడానికి తప్ప నోరు తెరవలేదు.

తర్వాత ఒకరోజు తెలిసింది అసలు సంగతి. ఆమె తన రసాన్ని తానే పొగుడుకుంటుంటే నాకు ఒళ్లుమండి, ఎదురుగానే, ఈసారి తెలుగులో, "ఈ రసం కంటే పంపులో వచ్చే సిరువాణి నీళ్లు నయం" అని గొణిగాను. అత్త నా మూతివంకే చూస్తూ, మెప్పుకోలుగా తల ఊపి, "ఇంకొంచెం పోసుకో" అంది.

మిల్లులో అందరూ మాట్లాడింది తమిళం. ఆమె కన్ను నేర్చింది తమిళం ఒక్కటే. తెలుగు అంతా చెవిలో ఉండిపోయింది. ఆ చెవేమో రోజురోజుకీ మూసుకుపోతోంది. అప్పట్లో నాకు ఇది నవ్వులాటగానే ఉండేది. అత్తగారి ఎదురుగా నిలబడి అత్తగారిని ఆడిపోసుకునే భాగ్యం ఎంతమంది కోడళ్లకు దొరుకుతుంది?

ఆ ఇంటికి ఒక చట్టం ఉండేది. గడప ఇవతల తెలుగే. మా ఆయన డ్యూటీనుంచి తమిళం మాట్లాడుకుంటూ లోపలికి అడుగుపెడితే, ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "బయటికి పోయి తెలుగుతో లోనికి రా" అనేది. అంత మనిషీ మళ్లీ వాకిట్లోకి వెళ్లి, చెప్పులు వేసుకుని, విడిచి, "అమ్మా, ఆకలేస్తుండాది" అంటూ వచ్చేవాడు. ఇన్సూరెన్స్ ఏజెంటును కూడా ఆమె అలాగే తిప్పి పంపబోతే ఆయన తమిళుడని చెప్పి ఆపవలసి వచ్చింది. ఎందుకత్తా ఇంత పట్టుదల అని ఒకసారి అడిగాను. "మనోళ్లు ఏ ఊరినుంచి వచ్చినారో ఎవరికీ తెలీదు. చట్టి లేదు, నేల లేదు. మాట ఒకటే నోట్లో పెట్టుకుని నడిచొచ్చినారు. అదీ పారేసుకుంటే ఇంగ వచ్చి ఏం పుణ్యం?" అంది.

కొత్త వస్తువులు ఇంట్లోకి వస్తే అత్త ముందు వాటిమీద అరచెయ్యి పెట్టేది. మిల్లులో మెషిన్ సరిగా తిరుగుతోందో లేదో ఆమె చెవితో ఎప్పుడూ వినలేదు, చేత్తోనే తెలుసుకునేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. మిక్సీ తెచ్చిన రోజు దానిమీద చెయ్యి పెట్టి, "ఇది రుబ్బేది లేదు, భయపడుతుండాది" అంది. పెద్ద వీధిలో ఎవరింట్లోనో ఫ్రిజ్ చూసి వచ్చి, ఏ పనీ చేయకుండా మూలన నిలబడి వణికే మెషిన్‌కు అంత ధర ఏమిటని ఆశ్చర్యపోయింది. వీధిలో ఎవరైనా కొత్త స్కూటరు ఆపితే, చుట్టూ తిరిగి చూడదు, సీటుమీద ఒకసారి చెయ్యి వేసి, "దీనికి జరం" అనేసి లోపలికి వచ్చేది. చిత్రం ఏమిటంటే, వాటిలో కొన్ని నిజంగానే త్వరలో షెడ్డుకు పోయేవి. కొన్ని శుభ్రంగా పదేళ్లు తిరిగాయి. వాటి సంగతి ఆమె ఎత్తేది కాదు.

మా ఆయనకు రేడియోలో క్రికెట్ కామెంటరీ పిచ్చి. ట్రాన్సిస్టర్ చెవికి అదుముకుని గంటలు గంటలు కూర్చునేవాడు. అత్త కొడుకు ముందు నిలబడి చూసి చూసి నాతో అనేది: "ఆడేది యారో. అది చూసి చెప్పేది ఇంకొకడు. అది వినేది వీడు. చెమట మాత్రం వీడికి ఏల పడుతుండాది?" పొద్దున్నే కాన్వాసు బూట్లు వేసుకుని వాకింగ్‌కు పోయే పెద్ద వీధి ఆఫీసర్లను చూస్తే ఆమెకు మరీ దిగులు. ఎక్కడికి పోతున్నారని అడిగింది. ఎక్కడికీ కాదు, ఒంటికి మంచిదని ఊరికే నడుస్తారన్నాను. "చేతులు సుమ్మా ఊపుకుంటా పోతుండారు పాపం. రెండు బిందెలు ఇస్తే ఒంటికి ఇంకా మంచిది" అంది. మా లైన్‌కు నీళ్లు వీధి చివరి పంపునుంచి మోసుకు రావాలి. ఆ దిగులంతా ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

టెలిఫోను ఆమెకు బొత్తిగా నచ్చలేదు. మా లైన్ దగ్గరి అంగడి వీధిలో, మళిగైకడలో, అంటే కిరాణా కొట్టులో, ఫోను ఉండేది. ఒకసారి ఆమె తమ్ముడు ఒట్టన్‌చత్రం కూరగాయల మండీనుంచి మాట్లాడాడు. అత్త రిసీవర్ తీసుకుని చెవి దగ్గర కాదు, మొహానికి ఎదురుగా పట్టుకుని ఆ చిల్లులవంక చూసింది. చాలాసేపు చూసింది. లోపల తమ్ముడు కేకలు వేస్తూనే ఉన్నాడు. చివరికి నా చేతిలో పెట్టేసి, "దీనికి మూతి లేదు" అంది.

టీవీ మాత్రం అలా కాదు. దానికి మూతులున్నాయి. ఎదురింటి స్టెల్లక్క వాళ్లకు మొదట టీవీ వచ్చింది. స్టెల్లక్కా వాళ్లూ మన తెలుగువాళ్లే, చర్చికి పోయేవాళ్లు. ఆదివారం సాయంత్రం లైన్ అంతా వాళ్ల నడవలో కూర్చునేది. ఒకసారి సినిమా సగంలో బొమ్మ ఉండి శబ్దం పోయింది. ఎవరో పెట్టె నెత్తిన రెండు బాదారు, మార్పు లేదు. అందరూ ఉసూరుమంటుంటే అత్త ఒక్కతే హాయిగా చూస్తోంది. "ఏమంటున్నాడు పెద్దమ్మా?" అని ఎవరో ఆమె భుజం తట్టి అడిగారు. ఇక అక్కడినుంచి సినిమా అత్త గొంతులో నడిచింది. హీరో, విలను, పోలీసు, అందరూ ఆమె గొంతుతోనే మాట్లాడారు. నాయిక తల్లి శవంమీద పడి ఏడ్చే సీను వచ్చింది. ఆడవాళ్లు కొంగులు సిద్ధం చేసుకున్నారు. అత్త ఆగిపోయింది. ముందుకు జరిగింది. "ఇదేమి ఈ పిల్ల..." అని మళ్లీ చూసి, "ఒణ్ణు, రెండు, మూణు, నాలు అని ఎంచుతుండాది! తల్లి చచ్చిపోయి ఉంటే ఏమి ఎంచుతుండాది ఇది?" అంది.

తమిళం రాని పిల్లను ఏ ఊరినుంచో తెచ్చి, అంకెలు మాత్రం నేర్పి లెక్క చెప్పించి, వెనకనుంచి వేరే ఎవరిదో గొంతు అతికించారని మాకు తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు మాత్రం లైన్ అంతా పొట్ట పట్టుకుని దొర్లింది. అత్త నవ్వలేదు. "పాపం, ఏడవడానికి కూడా దానికి మాట ఇవ్వలేదు" అంది. ఆ మాట ఆమె ఎందుకంతగా పట్టించుకుందో నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

మా ఆయన అప్పు చేయకుండా బోనసు డబ్బుతోనే చెవిమెషిన్ కొనిపెట్టాడు. అది పెట్టుకున్న రోజు అత్త ఇల్లంతా ఉలిక్కిపడుతూ తిరిగింది. గిన్నె పెడితే ఉలికిపాటు, కాకి అరిస్తే ఉలికిపాటు, తన చీర కుచ్చిళ్ల చప్పుడుకే ఆగి వెనక్కి చూసింది. సాయంత్రానికి తీసి డబ్బాలో పెట్టేసింది. "మనుషుల మాట తప్ప అన్నీ వినిపిస్తుండాది. మిల్లును విడిచి వస్తే, మళ్లీ ఎత్తి చెవిలో పెట్టినారు" అంది. ఆ డబ్బా చాలాకాలం దేవుడి అలమరలో పసుపు, కుంకుమ పక్కన ఉండేది.

ఆమె గొంతు ఆగిపోయింది అన్నూరు పెళ్లిలో. చెవి పోయినవాళ్లకు తమ గొంతు ఎంతవరకు పోతుందో తెలియదు. పంక్తిలో నా పక్కన కూర్చుని రహస్యం చెబుతున్నాననుకుని, "పాయసంలో ముంతిరి వెయ్యలేదు, చూపించి తీసేసినారు" అంది. సరిగ్గా అప్పుడే నాదస్వరం ఆగింది. జీడిపప్పు సంగతి హాలు హాలంతా వింది. కుర్రాళ్లు విరగబడి నవ్వారు, పెళ్లికొడుకు తల్లి చేతిలో గరిటె పక్కన పెట్టేసింది. మొహాలు చూసి అత్తకు ఏదో జరిగిందని తెలిసింది. ఏమైందని నన్ను పెదవులతో అడిగింది. చెప్పక తప్పలేదు. బస్సులో ఇంటికి వచ్చేదాకా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చాక మాతో మాట్లాడింది గాని, మిల్లులో మాట్లాడినట్టు పెదవులతోనే. మళ్లీ గొంతు తీయలేదు.

దాంతో ఇంట్లో చట్టం కూడా పోయింది. ఎవరూ కావాలని కొట్టెయ్యలేదు. తెలుగులో చెబితే ఆమెకు అందదు, తమిళంలో పెదవులు కదిపితే చటుక్కున అందుతుంది. ఉప్పు అడగాలన్నా, మందు వేసుకోమనాలన్నా తమిళమే సులువు. మా ఆయనా తమిళమే, నేనూ తమిళమే. కొన్నాళ్లకు మాకు మేము మాట్లాడుకోవడం కూడా తమిళంలో పడిపోయింది. ఆ మధ్యలోనే నాకు కూతురు పుట్టింది. పాపకు మాటలు వచ్చినప్పుడు అత్త మోకాళ్లు పట్టుకుని నిలబడి పిలిచిన మొదటి పిలుపు తెలుగు "అవ్వా" కాదు, తమిళ "పాట్టీ".

అత్త కన్నుకు అది బాగా అందింది. పాపను ఎత్తుకుంది, ముద్దు పెట్టుకుంది, తిరిగి నా చేతికి ఇచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వెళ్లి ఎదురుగా కూర్చుంటే పెదవులు కదిపింది. "మా అవ్వ నాకు ఇచ్చింది. వాళ్ల అవ్వ ఆమెకు ఇచ్చింది. ఇన్ని తరాలు వచ్చి, నా చెవిటితనం దగ్గర వచ్చి ఆగిపోయె కదా అమ్మిణీ." ఆమె కళ్లలో నీళ్లు నేను చూడడం అదే మొదలు. ఎదురుగా నిలబడి తెలుగులో ఆడిపోసుకున్నదంతా గుర్తొచ్చి నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి ఆమే కొంగుతో మొహం తుడుచుకుని, "నా కన్నుకు తెలుగు నేర్పు" అంది.

పాఠాలు మధ్యాహ్నం జరిగేవి. ఆ మధ్యాహ్నాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. మగవాళ్లు డ్యూటీలో ఉండేవాళ్లు. లైన్ అంతా కునుకు తీసేది. మిల్లు కిటికీల్లోంచి దూది పింజలు తేలుకుంటూ వచ్చి ఆరేసిన చీరలమీద, మునగాకుమీద, నిద్రపోతున్న కుక్కమీద తొందర లేకుండా దిగేవి. గడప దగ్గర నేనూ అత్తా ఎదురెదురుగా, మధ్యలో పాప. గొంతు పెట్టకూడదు. "సద్దు పెడితే పెదవి సోమరి అయిపోతాది" అని అత్త ఆజ్ఞ. మొదట వంటింటి వస్తువులు. నేను పెదవులతో ఉప్పు అంటాను, ఆమె లేచి వెళ్లి పప్పు డబ్బా తెస్తుంది. తప్పని తల ఊపితే నా మూతినే అనుమానంగా చూసేది. "తమిళం పెదవిమీదే ఉంటాది. మన తెలుగు లోపల నాలికమీద కూర్చోని బయటికి రాదు" అని విసుక్కునేది. అయినా మర్నాడు మళ్లీ గడప దగ్గరికి ఆమే ముందు వచ్చి కూర్చునేది.

నెలలు గడిచేకొద్దీ మాటలు వాక్యాలయ్యాయి, వాక్యాలు కబుర్లయ్యాయి. తిరుమంగళం సంత గురించి, మా నాన్న అంగడి గురించి, పెళ్లికి ముందు నేను ఇష్టపడిన ఒక అబ్బాయి గురించి కూడా చెప్పాను. నా జీవితంలో అన్ని మాటలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. వాటిలో ఒక్కటి కూడా పక్కింటికి వినపడలేదు. దారిన పోయేవాళ్లకు ఇద్దరు ఆడవాళ్లు ఊరికే ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నట్టు ఉండేది. నీళ్ల అడుగున కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండేది నాకు. పాప మా ఇద్దరి మూతులనూ మార్చి మార్చి చూసేది. ఒకరోజు అత్త చీర కొంగు లాగి, పెదవులు మాత్రం కదిపి, "అవ్వా, నీళ్లు" అంది.

అత్త లేచింది, నీళ్ల కుండ దాకా వెళ్లింది, చెంబు తీసుకోకుండానే తిరిగి వచ్చి పాపను గుండెకు అదుముకుంది. పాపకు ఆ పూట నీళ్లు నేనే ఇచ్చాను.

ఆ సంతోషంలో మేము ఒక సంగతి గమనించలేదు. దాన్ని కనిపెట్టింది మా అమ్మ. పాపకు నాలుగేళ్లప్పుడు తిరుమంగళంనుంచి వచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నీ పేరేమి బంగారూ?" అని తెలుగులో అడిగింది. పాప పెదవులు కదిపింది. శబ్దం లేదు. "ఏం తిన్నావు?" పెదవులు కదిలాయి, శబ్దం లేదు. మా అమ్మ మొహం పాలిపోయింది. "ఏమే, బిడ్డ మూగదని నాకు ఒక మాటయినా చెప్పలేదే!" అని గొల్లుమంది. ఆ గోలకు స్టెల్లక్క పరుగెత్తుకొచ్చి తమిళంలో ఏమైందని అడిగితే, పాప లైన్ అదిరేలా తమిళంలో చెప్పింది, ఈ అమ్మమ్మ ఊరికే ఏడుస్తోందని.

తర్వాత నేను నెమ్మదిగా అడిగాను, తెలుగులో ఎందుకు గట్టిగా మాట్లాడవని. పాప నన్ను వింతగా చూసింది. "తెలుంగుక్కు సత్తం కెడయాదు" అంది. తెలుగుకు శబ్దం ఉండదట. తమిళం నోటితో మాట్లాడేది, తెలుగు అవ్వతో మాట్లాడేది. అంతవరకే దానికి తెలుసు.

అత్తకు చెబితే ముందు నవ్వింది. ఒళ్లంతా ఊగేలా, చప్పుడు లేకుండా నవ్వింది. తర్వాత ఆ నవ్వు మొహంలోనే ఆగిపోయింది. "మాట ఇచ్చినాను, సద్దు ఇవ్వలేదు. ఆ సినిమా పిల్ల మాదిరి చేసి పెట్టినాను" అంది. మర్నాడు పొద్దున, అన్నూరు పెళ్లి తర్వాత ఇన్నేళ్లకు, అత్త వాకిట్లో నిలబడి గొంతు తీసింది. "బంగారూ! ఇట్ల రా! అవ్వ పిలుస్తుండాది!" అది ఎక్కువో తక్కువో ఆమెకు తెలియదు. తుప్పు పట్టిన గొంతు, ఒకచోట కీచుమని, ఒకచోట బొంగురుగా. లైన్‌లో అందరూ తలుపులు తీసి చూశారు. పిల్లలు వెక్కిరించారు. స్టెల్లక్క ప్రార్థన చేసుకుంటూ కిటికీ మూసుకుంది. పాప చెవులు మూసుకుని కిలకిలా నవ్వింది, పెదవులతోనే "వచ్చినాను అవ్వా" అంది.

అత్త మానలేదు. పరువు కోసం గొంతు కట్టేసుకున్న మనిషి, ఆ పరువును వాకిట్లో పెట్టి రోజూ అరిచింది. స్నానం చేయిస్తూ, జడ వేస్తూ, గోరుముద్దలు పెడుతూ గట్టిగా తెలుగు మాట్లాడేది. మాట్లాడి, మిల్లులో మెషిన్‌మీద పెట్టినట్టు, అరచెయ్యి పాప గొంతుమీద పెట్టి చూసేది. తమిళంలో మాట్లాడేటప్పుడు అది అదిరేది. తెలుగులో పెదవులే కదిలేవి, చెయ్యి కింద ఏమీ ఉండేది కాదు. సాయంత్రం నేను దీపం పెట్టేటప్పుడు నా దగ్గరికి వచ్చి అడిగేది: "పలికిందా?" తాను లేనప్పుడేమైనా పలికి ఉంటుందేమోనని ఆశ. నేను లేదని తల ఊపేదాన్ని. "శరి, రేపు" అని వెళ్లిపోయేది. అబద్ధం చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నోటివంక చూసే మనిషికి అబద్ధం చెప్పడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది.

ఆ ఏడాదే మిల్లు మూతపడింది. మా వెనక గోడ మిల్లు గోడే. అత్త ఒకరోజు దానిమీద చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే నిలబడి, "ఆగిపోయె" అంది. ఆమె ఆరోగ్యం కూడా అప్పటినుంచే తగ్గింది. మంచాన పడ్డాక గొంతు సన్నబడింది, అడగడం మాత్రం మానలేదు. చివరి సాయంత్రం కూడా "పలికిందా?" అనే అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. "శరి" అంది. రేపు అనలేదు.

మర్నాడు పొద్దెక్కాక పోయింది. నడవలో పడుకోబెట్టారు. మిల్లులో ఆమెతో పనిచేసిన ఆడవాళ్లందరూ వచ్చి గుండెలు బాదుకుంటూ తమిళంలో ఒప్పారి శోకాలు పాడుతున్నారు. అంత రొదలో పాప జనం కాళ్ల మధ్యనుంచి దూరి అత్త తల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎప్పటిలాగే వంగి, పెదవులు కదిపింది. "అవ్వా, లెయ్యి." అత్త కళ్లు మూసి ఉన్నాయి. పాప మళ్లీ అంది. మూసిన కళ్లకు పెదవులు కనపడవని దానికి అప్పుడు తట్టినట్టుంది. చుట్టూ చూసింది. అత్త అరచెయ్యి రెండు చేతులతో ఎత్తి, తన గొంతుమీద పెట్టుకుంది.

"అవ్వా!" అంది. గట్టిగా. "అవ్వా, చూడు, పలుకుతుండాది!"

ఏడుపులు ఆగిపోయాయి. పాప ఆ చేతిని జారిపోకుండా అదిమి పట్టుకుని తెలుగులో చెబుతూనే ఉంది. నీళ్లు కావాలని, ఆకలేస్తోందని, కుక్క మునగచెట్టు కింద పడుకుందని, మా మధ్యాహ్నాల మాటలన్నీ ఒక్కొక్కటీ శబ్దంతో బయటికి వస్తున్నాయి. తిరుమంగళం యాస, అత్త బొంగురు, రెండూ ఉన్నాయి దాని గొంతులో. ఎవరో దాన్ని ఎత్తుకుపోబోతే నేను వద్దన్నాను.

ఆమె రోజూ అడిగే ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నది నేను. అత్త మొహానికి ఎదురుగా కూర్చుని, గొంతు పెట్టకుండా, పెదవులు మాత్రం కదిపి చెప్పాను.

"పలికింది అత్తా."